దీప ఎత్తు బంగారం

సినిమా అయిపోయింది, లైట్లు వెలిగాయి. హాల్లో ఉన్న నూటయాభై మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా నేనూ లేచాను. తీసినవాడు నా కొడుకు. అందరూ లేచాక తండ్రి ఒక్కడే కుర్చీకి అంటుకుపోయి కూర్చుంటే ఏం బాగుంటుంది?

నా పేరు చంద్రమౌళి. వరంగల్ బీట్ బజార్‌లో బెల్లం వ్యాపారం, మా నాన్న కాలం నుంచీ ఉన్న దుకాణం. నాకు నోరెక్కువని బజారంతా అంటారు. అనరా మరి! పొద్దున ఎనిమిదింటికి షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి హమాలీల మీద, ఆటోవాళ్ల మీద, ఫోన్ల మీద అరుస్తూనే ఉంటాను. అరవకపోతే మా బజార్లో గోనె కూడా కదలదు. మావాడు సాయితేజకు ఆ నోరు రాలేదు. ఇంజినీరింగ్ చదివాడు, హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేశాడు, ఒకరోజు బ్యాగు తెచ్చి ఇంట్లో పడేసి, "డాడీ, సినిమా తీస్తున్న" అన్నాడు. ఎవరో పిల్లను పెళ్లి చేసుకుని వచ్చానన్నా నేను అంత కంగారుపడేవాణ్ణి కాదు.

సినిమా పేరు 'తీపి చీకటి'. భయపెట్టే సినిమాయేనట, కానీ దెయ్యం ఉండదట. మరి భయమెందుకు వేస్తుందిరా అంటే, "అదే కదా డాడీ పాయింట్" అన్నాడు. తెలిసిన కుర్రాళ్లందరినీ పోగేసి ఏడాది పాటు తీశాడు. హనుమకొండలో ఒక ఆడిటోరియం మాట్లాడి, ఆదివారం పదకొండు గంటలకు మొదటి షో వేశాడు.

చూడ్డానికి ఎలా ఉందంటే, నిజం చెప్పాలి, కళ్లు తిప్పుకోలేకపోయాను. తెల్లారుజామున హసన్‌పర్తి చెరువు. నీళ్ల నిండా కర్రలు పాతి, ఒక్కో కర్రకు ఒక్కో మైకు గొట్టం కట్టారు. వందలున్నాయి. పొగమంచులో అవన్నీ నోళ్లు తెరుచుకుని మన వైపే చూస్తున్నాయి. తరువాత నా గోదాము. ముప్పై ఏళ్లుగా నేను తుమ్ములు తుమ్మిన గోదాము! పైకప్పు రేకు చిల్లులోంచి ఒక్క వెలుగు దార పడుతుంటే బెల్లం దిమ్మల గుట్ట కొండలా ఉంది. ఆ కొండ మీదికి ఒకామె చేతులతో పాకుతూ ఎక్కుతోంది. ఆమె మొహం మీద చీమలు బారు కట్టి నడుస్తున్నా రెప్ప వేయదు. మా నాన్న నాటి పెద్ద తరాజు కూడా ఉంది. ఒక పళ్లెంలో చిన్నపిల్ల కూర్చుంటే, రెండో పళ్లెంలో ఏమీ లేదు, కానీ ఆ ఖాళీ పళ్లెమే కిందికి దిగుతుంది.

కథంటారా? ఆ ముచ్చట అడక్కండి. జాతరలో తప్పిపోయిన పిల్ల కోసం తల్లి వెతుకుతుంది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తరువాత ఒక పిల్ల ఏడుగురు పిల్లలైంది. తల్లే చిన్నపిల్ల అయింది. ఒక ముసలాయన వెనక్కి నడుస్తూ మొత్తం సినిమా దాటిపోయాడు. మా ఆవిడ సరస్వతి రెండుసార్లు, "ఇప్పుడేమైందండీ?" అని అడిగింది. నాకూ తెలియదని చెప్పడానికి నామోషీగా ఉండి, "నోరు మూసుకుని చూడు" అన్నాను.

చివరికొచ్చేసరికి గోదాములో పెద్ద కాగు పెట్టారు. నల్లటి పాకం బుడబుడలాడుతోంది. తల్లి రెండు చేతులతో పసుపు గౌను ఒకటి అందులో ముంచి, అదిమి పట్టుకుంది. వెంటనే పిల్ల మొహం. నల్లటి నీళ్ల అడుగున, కళ్లు తెరిచి. తరువాత చెరువులో అప్పటిదాకా మోగుతున్న మైకులన్నీ ఒక్కసారి మూగబోయాయి. అంతే, సినిమా అయిపోయింది.

ఆ తల్లి వేషం వేసిన మనిషి నా ఎడమపక్క కుర్చీలో కూర్చుని ఉంది. పేరు పూలమ్మ. పదహారేళ్లుగా మా గోదాములో పని చేస్తోంది. ఊడుస్తుంది, చెదిరిన బెల్లం ఏరుతుంది, చినిగిన గోనెలు కుడుతుంది. నోట్లో నాలుక లేని మనిషి. ఎనిమిదేళ్ల కింద మేడారం జాతరలో ఆమె బిడ్డ తప్పిపోయింది. దీప, ఆరేళ్ల పిల్ల, ఆ రోజు పసుపు గౌను తొడుక్కుంది. మూడు రోజులు మైకులో పేరు పిలిపించాం. అడవంతా వెతికాం. పోలీసులు వెతికారు. పిల్ల ఇవాళ్టికీ దొరకలేదు. పూలమ్మ మొగుడు యాకయ్య మా దగ్గరే హమాలీ. వెతికి వెతికి, తాగి తాగి, మూడో ఏడు పోయాడు.

మావాడు కథ తీసుకున్నది ఆమె దగ్గర. వేషం వేయమని అడిగితే ఆమె మొదట నవ్వి, "నాకేమొస్తది సిన్న సేటూ" అందట. "ఆఖర్ల పాప వస్తది పూలమ్మక్కా, పరిగెత్తుకుంట వచ్చి నిన్ను పట్టుకుంటది" అని వీడు చెప్పాక ఒప్పుకుంది. ఈ సంగతి గోదాములో అందరికీ తెలుసు. అందుకే ఆ రోజు కొత్త చీర కట్టుకుని, తలకు నూనె పెట్టి, పూలు పెట్టుకుని వచ్చింది.

చప్పట్లు ఆగాక, కాలేజీలో పాఠాలు చెప్పే సారంగపాణి సారు మైకు తీసుకున్నాడు. ఊళ్లో సినిమా క్లబ్బు నడిపేది ఆయనే. "ఇది కథ కాదు, దృశ్యకావ్యం" అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు. ప్రశ్నలుంటే అడగమన్నారు. కెమెరా ఏది వాడారని ఒక కుర్రాడు అడిగాడు. చీమలు నిజమైనవేనా అని ఒకమ్మాయి అడిగింది. అప్పుడు నా పక్కనుంచి పూలమ్మ లేచింది.

"సిన్న సేటూ, నా బిడ్డ అచ్చిందా, రాలేదా? నాకు సమజ్ కాలె."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సాయితేజ కూడా ముసిముసిగా నవ్వాడు. వాడిది చెడ్డ నవ్వు కాదు, ఏం చెప్పాలో తోచనప్పుడు వాడలాగే నవ్వుతాడు. "అది ఓపెన్ ఎండింగ్ పూలమ్మక్కా. వచ్చిందనుకుంటే వచ్చినట్టు, లేదనుకుంటే లేనట్టు. సూసేటోళ్ల ఇష్టం."

"మరి గా కాగుల ముంచింది ఎవలిని?"

మావాడు తడబడ్డాడు. సారంగపాణి సారు అందుకున్నాడు. "అమ్మా, అది ప్రతీక. కన్నది తల్లే, కాలమూ తల్లే. బిడ్డను తనలోకి తిరిగి తీసుకునేదీ తల్లే."

పూలమ్మ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "నేను ఉత్త గౌనే ముంచిన సారూ. గౌనుల పిల్ల లేదు" అంది.

హాలంతా మళ్లీ చప్పట్లు. అది కూడా సినిమాలో ముక్కే అనుకున్నారో, గొప్ప మాట అనుకున్నారో నాకు తెలియదు. పూలమ్మ నలుదిక్కులా చూసి, మెల్లగా కూర్చుంది. ఆ చప్పట్లు కొట్టిన చేతులన్నీ విరగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఏం లాభం, అందులో ఓ రెండు చేతులు నావే. అలవాటు కొద్దీ కొట్టేశాను.

బయట సమోసాలు, చాయ్ పెట్టారు. పూలమ్మ ముట్టలేదు. మా కారులో దింపుతానంటే వద్దంది. ఆటోలో శివనగర్ వెళ్లిపోయింది. సోమవారం పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. పదహారేళ్లలో దీప తప్పిపోయినప్పుడూ, యాకయ్య పోయినప్పుడూ తప్ప ఆమె పని మానలేదు.

మంగళవారం మధ్యాహ్నం అన్నం దగ్గర మావాడిని పట్టుకున్నాను.

"పిల్ల వస్తదని చెప్పి తీసుకపోయినవ్ కదరా? ఏదీ, రానేలేదు?"

"ఆ షాట్ తీసినం డాడీ. చెరువు కట్ట మీద పాప ఉరుక్కుంట వస్తది, అక్క ఎత్తుకుంటది. మస్తుగొచ్చింది. కానీ అది పెడితే మామూలు సినిమా అయితది."

"అయితే ఏమాయె? చచ్చిపోతవా?"

"ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకోవాలె డాడీ, అదీ..."

"నీకు అర్థమైందారా? అదన్న చెప్పు. నీ సినిమాల ఆ పిల్ల ఉన్నదా, సచ్చిందా? తల్లి సంపిందా?"

వాడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "నాకే తెల్వది డాడీ" అన్నాడు. "ఎడిటింగ్‌ల ఎటు పోవాల్నో తెలియలే. బొమ్మలు బాగున్నయి కదా, అవే లాక్కపోతయి అనుకున్న." కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి. నాకు తిట్టబుద్ధి కాలేదు. కానీ తిట్టాను. నా నోరు అలాంటిది.

సరస్వతి మధ్యలోకి వచ్చింది. "సాల్తియ్యండి. ఆమె మాత్రం తక్కువదా? మొన్న దసరాకు మన సింధును పట్టుకుని ఎన్ని కిలోలున్నవు బిడ్డా అని అడిగింది. పిల్లల బరువు అడుగుతరా ఎవరన్న? దిష్టి కాదూ? ఇప్పుడే కాదు, ఎప్పుడూ గదే అడుగుడు. నేను గట్టిగనే చెప్పిన, ఇంకోసారి అడగొద్దని."

సింధు మా చిన్నది. పద్నాలుగేళ్లు. సాయితేజ వాళ్లమ్మ వైపు విచిత్రంగా చూశాడు. పళ్లెం పక్కకు జరిపి, ఫోన్ తీసి, "ఇది వినుండ్రి" అన్నాడు. సినిమా కథ కోసం పూలమ్మ చెప్పిందంతా వాడు రికార్డు చేసి పెట్టుకున్నాడట. ఫోన్లోంచి ఆమె గొంతు వచ్చింది.

"పుట్టినోళ్లు పుట్టినట్టే పోయిండ్రు, ఇద్దరు. గిది కడుపుల పడ్డప్పుడు మొక్కిన. తల్లీ, ఇది బతికితె దీని లగ్గం అయ్యేదాక జాతర జాతరకు దీని ఎత్తు బంగారం పెడ్త అని. మొక్కు మొక్కే గద బాబూ, బిడ్డ నా కండ్ల ముందల ఉన్నా లేకున్నా. కాకపోతె ఎంత పెట్టాలె? పిల్ల పెరుగుతది గద. గందుకే సింధు పాపను అడుగుత. ఇద్దరు ఒక్క యాడాదే పుట్టిండ్రు. పోయినసారి ముప్పై నాలుగు పెట్టిన. తక్కువైందేమో అని గదే రంధి నాకు."

సరస్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెయ్యి కడుక్కుని దుకాణానికి వెళ్లిపోయాను. ఎలా వెళ్లానో గుర్తులేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మేడారంలో బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కుకున్న మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క తూగేంత బెల్లం పెట్టి తూచి, అది తీసుకెళ్లి సమ్మక్క సారలమ్మల గద్దెల మీద సమర్పిస్తారు. రెండేళ్లకోసారి జాతర. ఆ నెలంతా నా దుకాణం ముందు తరాజు వేలాడుతూనే ఉంటుంది. కొత్త ఎలక్ట్రిక్ కాంటాలు ఉన్నా ఈ మొక్కుకు మాత్రం మా నాన్న తరాజే వాడతాను.

దీప తప్పిపోయాక వచ్చిన మొదటి జాతరకు పూలమ్మ నా దగ్గరికొచ్చి, "ఇరవై రెండు కిలోలు గావాలె సేటు" అంది. ఇచ్చాను. ఆ తరువాతి జాతరకు ఇరవై ఎనిమిది అంది. పోయిన జాతరకు ముప్పై నాలుగు. ఎవరికని ఒక్కసారి కూడా అడగలేదు. బజార్లో అందరి గుట్టూ తెలిసినవాణ్ణి, ఎవరింట్లో ఏ కూర వండారో అడిగి చెప్పించుకునేవాణ్ణి, ఆ ఒక్క మాట అడగలేదు. ఎందుకంటే భయం.

దీప తప్పిపోయిన ఏడు మేడారంలో నేను బెల్లం కొట్టు పెట్టాను. పూలమ్మనూ యాకయ్యనూ పనికి తీసుకెళ్లాను. పిల్లను ఎక్కడ విడిచిపెడతారు, వెంట తెచ్చుకున్నారు. మొదటి రోజు పొద్దున దీపను తరాజులో కూర్చోబెట్టి నేనే తూచాను. పద్దెనిమిది కిలోలు. "నీ బిడ్డ అచ్చం బంగారమే పూలమ్మా, ఇట్ల పట్టుకపోయి గద్దె మీద పెట్టేస్తరు" అని ఎగతాళి చేశాను. పిల్ల పకపకా నవ్వింది. రెండో రోజు అమ్మవారు గద్దెకు వచ్చే వేళ, ఇసుక వేస్తే రాలనంత జనం. సరిగ్గా అప్పుడే బెల్లం లారీ వచ్చింది. దింపేవాళ్లు లేరు. పూలమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని కొట్టు ముందు నిలబడి ఉంది. నేను కేకేశాను. "పూలమ్మా, ఏం చూస్తున్నవ్, ఇటొచ్చి పట్టు!" ఆమె చెయ్యి వదిలింది. దిమ్మ అందుకుంది. తిరిగి చూస్తే పిల్ల లేదు.

ఈ మాట ఎనిమిదేళ్లుగా నేను ఎవరికీ చెప్పలేదు. సరస్వతికి కూడా చెప్పలేదు.

బుధవారం సాయితేజ ల్యాప్‌టాప్ పట్టుకుని శివనగర్ వెళ్లాడు, ఆ తీసేసిన షాట్ ఆమెకు చూపిద్దామని. అరగంటలో తిరిగొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"చూడలే డాడీ. 'చూసిన గద సిన్న సేటూ, మల్ల ఎందుకు' అన్నది. వదిలేయమన్నది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని చెప్పను? అందరి మీదా. ఆ రోజు దుకాణంలో నా నోటికి అడ్డమొచ్చిన ప్రతివాడూ తిట్లు తిన్నాడు.

ఆదివారం పొద్దున పదిన్నరకు పూలమ్మ వచ్చింది. జాతర ఇంకా ఇరవై రోజులుంది. దుకాణం ముందు తరాజు వేలాడదీసి, గొలుసులు తుడుస్తున్నాను. సింధు నాకు టిఫిన్ తెచ్చి, గల్లా దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పూలమ్మ మామూలు చీరలోనే ఉంది. వారం రోజుల్లో సగమైపోయింది మనిషి.

"పద్దెనిమిది కిలోలు గావాలె సేటు."

చేతిలో గుడ్డ జారి కింద పడింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి అడిగాను. "ఎవరికి?"

"దీపకు."

"దీపకు పద్నాలుగేండ్లు పూలమ్మా. పద్దెనిమిది ఏంది?"

"గాడనే ఆగింది సేటు." ఆమె గొంతులో ఏడుపు లేదు. అది ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. "ఇన్నేండ్లు పిచ్చిదాని లెక్క పెంచుకుంట పోయిన. మొన్న సిన్మల సూసినంక ఎరికైంది. నా సేతులతోనే పోయింది. ముంచిన్నో, ఇడిసిన్నో, ఏదైతేంది? సెయ్యి నాదే గద. సూసేటోళ్ల ఇష్టమన్నడు గద సిన్న సేటు. గంత సదువుకున్నోళ్లు సూసి సప్పట్లు గొట్టిండ్రు. ఈసారి ఆఖరు మొక్కు సేటు. ఇది పెట్టి అచ్చి, బిడ్డకు దినం జేస్త. దాని ఆత్మన్న సల్లగుంటది."

దినం! పిల్ల ఉందో లేదో ఈ భూమ్మీద ఒక్క మనిషికీ తెలియదు. పోలీసులకు తెలియదు, నాకు తెలియదు, కన్నతల్లికి తెలియదు. అంతమందికి తెలియనిదాన్ని మావాడి గంటన్నర బొమ్మలు తేల్చేశాయి. అదీ వాడికే తెలియకుండా.

"సెయ్యి నీది కాదు!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే ఎదురు దుకాణం గోపాల్ లేచి నిలబడ్డాడు. సింధు ఫోన్ కింద పెట్టింది. "సెయ్యి ఇడిపించింది నేను! లారీ వచ్చింది, నేను కేకేసిన, 'ఇటొచ్చి పట్టు' అని. నేను పిలవకపోతే నువ్వు ఇడుస్తుంటివా? చెప్పు! యాదికున్నదా లేదా నీకు?"

"యాదికున్నది సేటు."

"యాదికుంటే ఎనిమిదేండ్ల సంది ఒక్కనాడన్న అనలేదేంది?" అన్నాను.

"ఏమంటరు సేటు? మీరు రోజు అరుస్తనే ఉంటరు గద. గా రోజు కూడ అరిచిండ్రు. నేనే బిడ్డ దిక్కు సూడకుంట అచ్చిన."

అక్కడే, దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. గోపాల్ చూస్తున్నాడు, చూడనీ అనుకున్నాను. పూలమ్మ నిలబడే ఉంది, ఏం చెయ్యాలో తెలియనట్టు. చివరికి ఆమే, "లే సేటు, జనం సూత్తాండ్రు" అంది.

లేచాను. మొహం తుడుచుకున్నాను.

"సింధూ, ఇటు రా."

"ఏంది డాడీ?"

"చెప్పులు ఇడిసి తరాజుల కూసో."

"ఇక్కడనా? అందరి ముందట్నా?" పద్నాలుగేళ్ల పిల్లకు నలుగురి ముందు బరువు తూగడమంటే ప్రాణం పోయినట్టే. నా మొహం చూసింది, పూలమ్మ మొహం చూసింది. ఇంకేం మాట్లాడకుండా చెప్పులు విడిచి, గొలుసులు పట్టుకుని పళ్లెంలో మఠం వేసుకుని కూర్చుంది. పళ్లెం టక్కున నేలకు ఆనింది.

"వద్దు సేటు," అంది పూలమ్మ. "అమ్మ తిడ్తది. దిష్టి తగుల్తదని మొన్న..."

"అమ్మ ఏమనదు. అన్నా నేను పడ్త."

లోపలికెళ్లి మూడు కిలోల చిన్న దిమ్మలు మోసుకొచ్చి రెండో పళ్లెంలో పెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. హమాలీలు సాయం రాబోతే దూరం పొమ్మన్నాను. ఆరు దిమ్మలు పెట్టి ఆగాను.

"ఇదిగో నీ పద్దెనిమిది. చూడు."

సింధు కూర్చున్న పళ్లెం నేల మీంచి వెంట్రుకవాసి కూడా లేవలేదు. పూలమ్మ ఆ ఆరు దిమ్మల వైపు చూసింది. సింధు వైపు చూసింది. మళ్లీ దిమ్మల వైపు చూసింది.

"నీ బిడ్డ ఎక్కడున్నదో నాకు తెల్వది పూలమ్మా. అబద్ధం చెప్ప. కానీ ఎక్కడున్నా గింత ఉండదు. గా సిన్మ తీసినోనికి ఏం తెల్వది, వాడే ఒప్పుకున్నడు. సప్పట్లు గొట్టినోళ్లకూ ఏం తెల్వది, నేనూ గొట్టిన గద. నీకు తెలుసు. గౌనుల పిల్ల లేదన్నవ్. గదొక్కటే నిజం."

ఆమె కొంగు నడుముకు దోపుకుని, లోపలికి నడిచింది. ఏడో దిమ్మ తనే తెచ్చి పెట్టింది. ఎనిమిదోది పెట్టింది. తొమ్మిది. పదకొండోదానికి సింధు పళ్లెం కొద్దిగా ఊగింది. నేను చెయ్యి వేయబోతే పూలమ్మ పట్టనివ్వలేదు. పద్నాలుగో దిమ్మ పెట్టగానే సింధు పళ్లెం నేల వదిలి పైకి లేచింది. రెండు పళ్లేలూ ఒక ఎత్తున నిలబడ్డాయి.

పూలమ్మ సింధు వైపు చూడటం లేదు. బెల్లం వైపే చూస్తోంది. కింది నుంచి పైదాకా, ఆ వరుసను చేత్తో మెల్లగా తడుముతోంది. పద్నాలుగు దిమ్మలు ఆమె నడుము దాకా వచ్చాయి.

"గింత పెద్దగైందా సేటు నా బిడ్డ?" అంది. అప్పుడు ఏడ్చింది.

నేను లోపలికెళ్లి బెల్లం ముక్క ఒకటి తెచ్చి, దిమ్మల పైన పెట్టాను.

"జాతరకు ఇంక ఇరవై రోజులున్నది పూలమ్మా," అన్నాను. "పెరిగే పిల్ల."